ఎవరి శక్తికి తగిన కొండదారి వారికి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయము పండుగ చేసికొనుచున్న వేళ కొండదారుల ప్రస్తావన ఏల వచ్చినదని కొందరికి తోచవచ్చును. ఈ రెంటికిని సంబంధము లేకపోలేదు. పుస్తకము చదువు శక్తి అందరికి ఒక్క తీరున ఉండదు. అక్షరములు కూడబలుకుకొను బాలునకు ఒక పుస్తకము కావలెను. పరీక్షకు చదువు విద్యార్థికి వేరొకటి కావలెను. చూపు మందగించిన వృద్ధునకు పెద్ద అక్షరముల పుస్తకము కావలెను. ఎవరికి తగినది వారి చేతికి అందించుటయే మంచి గ్రంథపాలకుని పని. ఎస్. ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రమునకు ఐదు సూత్రములు ప్రకటించినప్పుడు చదువరికే ప్రాధాన్యము ఇచ్చిరి. పుస్తకము ఎంత గొప్పదైనను చదువరికి అక్కరకు రానిచో దాని గొప్పతనము బీరువాలోనే నిలిచిపోవును.

కొండదారులకును ఇదే న్యాయము వర్తించును. ఏ కొండ గొప్పది అని అడుగుట అందరికి అలవాటు. ఏ దారి ఎవరికి తగినది అని అడుగువారు అరుదు. ఈ రెండవ ప్రశ్నకు రాయలసీమ కొండలను ఆధారము చేసికొని సమాధానము వెదకుటయే ఈ ప్రసంగమున ఉద్దేశింపబడినది.

ఊరిలో యాత్ర తలపెట్టినప్పుడు జరుగు తంతు అందరెరిగినదే. ఉత్సాహవంతులైన నలుగురు యువకులు కూర్చుండి స్థలమును నిర్ణయింతురు, బస్సు మాటలాడుదురు, చందాలు వసూలు చేయుదురు. కొండ క్రిందికి చేరిన తరువాత గాని, ఎవరు ఎక్కగలరు, ఎవరు ఎక్కలేరు అను ప్రశ్న పుట్టదు. అప్పుడు మోకాళ్ళ నొప్పులు గల అవ్వను, ఉబ్బసముతో బాధపడు తాతను, చంటిబిడ్డ తల్లిని బస్సు నీడను కూర్చుండబెట్టి, మూటలు చూచుచుండుడని చెప్పి తక్కినవారు సాగిపోవుదురు. వారును అందరితో పాటు చందా ఇచ్చినవారే. అందరితో పాటు వేకువనే లేచి చద్దిమూట కట్టుకొని బయలుదేరినవారే. ఇల్లు చేరిన తరువాత చెప్పుకొనుటకు మాత్రము వారికి బస్సు చక్రము, చెట్టు నీడ తప్ప మరేమియు మిగులదు.

మరియొక తెగవారును కలరు. తమ వలన కాదని చెప్పుటకు వీరు సిగ్గుపడుదురు. వెనుకబడినచో నలుగురు నవ్వుదురేమో అని శక్తికి మించి ఎక్కుదురు. సగము దారిలో ఆయాసముతో కూలబడుదురు. ముందుకు పోలేరు, వెనుకకును రాలేరు. వీరి కష్టము, మూటలకు కాపలా ఉన్నవారి నష్టము పైకి వేర్వేరుగా కనబడును గాని, రెంటికిని మూలము ఒక్కటియే. దారి ఎట్టిదో ముందుగా ఎవరును తెలిసికొనకపోవుటయే ఆ మూలము.

దారిని తెలిసికొనుట అనగా దాని పేరు, ఊరు తెలిసికొనుట మాత్రమే కాదు. దారిని గూర్చి ఐదు ప్రశ్నలు అడుగవలెను. మొదటిది, దూరమెంత? రెండవది, ఎక్కుడు ఎంత? మూడవది, కాలి క్రింది నేల ఎట్టిది? మెట్లా, మట్టి బాటయా, ఏటి రాళ్ళా? నాల్గవది, త్రోవలో నీరు, నీడ కలవా? ఐదవది, నడుమ ఆగవలసివచ్చినచో మరలి వచ్చుటకు వీలు కలదా? ఈ ఐదింటికి సమాధానము దొరికినచో ఆ దారి ఎవరికి తగునో చాలవరకు తెలిసిపోవును. ఇందులో ఒక్కదానినే చూచి, ముఖ్యముగా దూరము నొక్కదానినే చూచి నిర్ణయించువారు తరచుగా మోసపోవుదురు.

దీనికి తిరుమలను మించిన ఉదాహరణము వేరొకటి లేదు. శేషాచల శిఖరములకు నడచిపోవు భక్తులకు రెండు మెట్లదారులు ప్రసిద్ధములు. అలిపిరి నుండి పోవు దారి సుమారు 9 కిలోమీటర్లు, మెట్లు 3,550. శ్రీనివాస మంగాపురము వైపు నుండి ఎక్కు శ్రీవారిమెట్టు దారి సుమారు 2.1 కిలోమీటర్లు; మెట్లు 2,388. దూరము నొక్కదానినే చూచినవారు, ఒకటి తొమ్మిది, ఒకటి రెండు, కనుక రెండవదే సులభమందురు. మెట్లను దూరముతో భాగించి చూడవలెను. అలిపిరి దారిలో కిలోమీటరునకు సుమారు 400 మెట్లు వచ్చును. శ్రీవారిమెట్టు దారిలో కిలోమీటరునకు 1,100కు పైగా వచ్చును. అనగా పొట్టి దారి పొడుగు దారికి దాదాపు మూడింతలు నిటారైనది. గుండె నిబ్బరము గలిగి, కాలిబలము గలిగి, త్వరగా చేరవలెనను వారికి శ్రీవారిమెట్టు తగును. నిదానముగా నడచి, కూర్చుండి, లేచి, మరల నడువగల వానికి అలిపిరియే తగును.

అలిపిరి దారియును ఆదినుండి తుదివరకు ఒక్క తీరున ఉండదు. మొదట గాలిగోపురము వరకు మెట్లు దట్టముగా నుండును. అటు పిమ్మట చాల దూరము దారి ఇంచుమించు సమతలముగా సాగును. తుదకు మోకాళ్ళ మిట్ట వద్ద మరల నిటారైన ఎక్కుడు వచ్చును. ఈ సంగతి తెలియనివారు గాలిగోపురము చేరి, కష్టమంతయు తీరినదని తలచి, ఉన్న బలమంతయు నడుమనే వ్యయము చేసి, తుది మెట్ల వద్ద చతికిలబడుదురు. తెలిసినవారు సమతలమున నిదానించి, నీరు త్రాగి, మోకాళ్ళ మిట్టకు కొంత బలము దాచుకొందురు. ఇద్దరి శరీర బలము ఒక్కటియే అయినను, ఒకరికి దారి తెలిసినది, వేరొకరికి తెలియలేదు, భేదమంతయు అదియే. ఈ దారిలో చాల భాగమునకు పైకప్పు కలదు. మూటలను వాహనముపై కొండకు చేర్చు ఏర్పాటును దేవస్థానమువారు చేసియున్నారు. మూటలకు కాపలా కొరకు ఎవరును క్రింద నిలువనక్కరలేదు.

నడకకు పట్టు కాలమును ముందుగా అంచనా వేయుటకు ఒక సులభమైన లెక్క కలదు. స్కాట్లండు దేశమున కొండలు ఎక్కుటలో ఆరితేరిన విలియం నైస్మిత్ అను నతడు దీనిని 1892లో చెప్పెను. సమతలమున గంటకు 3 మైళ్ళు, అనగా సుమారు 5 కిలోమీటర్లు నడువవచ్చును. దానికి తోడు ప్రతి 2,000 అడుగుల ఎక్కుడుకు ఒక గంట కలుపవలెను. ఒక్కొక్క మెట్టు ఎత్తు అర అడుగు అనుకొన్నచో, అలిపిరి మెట్ల ఎక్కుడు 1,775 అడుగులగును. 9 కిలోమీటర్ల దూరమునకు 1 గంట 48 నిమిషములు. ఎక్కుడుకు సుమారు 53 నిమిషములు. వెరసి 2 గంటల 40 నిమిషములు. శ్రీవారిమెట్టునకు ఇదే లెక్కన సుమారు ఒక గంట పట్టును.

అయితే ఈ లెక్క చల్లని దేశమున, ఆరోగ్యవంతుడు, ఎక్కడను ఆగక నడచుటకు కట్టినది. రాయలసీమ ఎండలో, మన్నించి ఆగుచు పోవువారు దానికి సగము కలుపుకొనవలెను. వృద్ధులు, పిల్లలు తోడున్నచో రెట్టింపు చేసికొనుట మేలు. అనగా అవ్వతో కూడి అలిపిరి ఎక్కువారు ఐదు గంటలకు పైగా పట్టునని ముందే లెక్కించుకొని, వేకువ చల్లదనమున బయలుదేరవలెను. కాలము చాలదను ఆందోళన లేనప్పుడు ముసలివారును ఆశ్చర్యము గొలుపునట్లు ఎక్కుదురు. వెనుకనుండి తొందరచేయువారు లేకుండుటయే వారికి సగము బలము.

ఎక్కుటను గూర్చి అందరు భయపడుదురు. దిగుటను గూర్చి ఎవరును తలపరు. ఎక్కునప్పుడు శ్రమపడునది గుండె, ఊపిరితిత్తులు. దిగునప్పుడు శ్రమపడునవి మోకాళ్ళు, తొడలు. మెట్లు దిగునప్పుడు ప్రతి అడుగునను మోకాటిపై శరీర భారమునకు మూడింతలకు మించిన ఒత్తిడి పడునని పరిశోధకులు కొలిచి చెప్పిరి. తొడ కండరములు సాగుచునే బిగువు పట్టవలసి వచ్చుటచే, నొప్పి ఆనాడు కాక మరునాడు, మూడవనాడు బయటపడును. కనుక మోకాళ్ళు అరిగినవారు ఎక్కగలిగినను, దిగుటకు బస్సునే నమ్ముకొనుట వివేకము. తిరుమలకు 1944లో మొదటి ఘాటురోడ్డు, 1974లో రెండవది ఏర్పడినవి. నడచి ఎక్కి బండిలో దిగుట వలన యాత్రకు లోపమేమియు లేదు. చేతికర్ర పట్టుటయును చిన్నతనము కాదు. కర్ర మూడవ కాలు వంటిది.

ఇక నల్లమల వైపు చూడవలెను. ఒక్క చోటనే అన్ని శక్తులవారికి దారులు కలిగిన క్షేత్రము ఆళ్ళగడ్డ సమీపమున గల అహోబిలము. దిగువ అహోబిలము, ఎగువ అహోబిలము అని ఇది రెండు. నడుమ దూరము సుమారు 8 కిలోమీటర్లు. దిగువ అహోబిలమున ప్రహ్లాదవరద స్వామి ఆలయము నేలమట్టముననే కలదు. ఛత్రవట, యోగానంద నారసింహ స్థానములు దిగువ అహోబిలమునకు చేరువనే ఉన్నవి. అంతవరకు బండ్లు పోవును. కారంజ నారసింహుడు ఎగువకు పోవు రోడ్డు ప్రక్కనే ఉన్నాడు. ఎగువ అహోబిలమున ప్రధానాలయము వరకును రోడ్డు కలదు. కర్ర ఊతతో పది అడుగులు వేయగల వృద్ధునికిని ఇవి అందుబాటులో ఉన్నవి.

ఎగువ ఆలయము నుండి అడవిలోనికి కాలిబాట మొదలగును. క్రోడ, మాలోల నారసింహ స్థానములకు పోవు దారి మధ్యమ శక్తి గలవారికి తగినది. జ్వాలా నారసింహ స్థానమునకు పోవువారు భవనాశి వాగు రాళ్ళ మీదుగ, కొండ చరియ వెంబడి నడువవలెను. వారికి స్థిరమైన అడుగు, తల తిరుగని స్వభావము ఉండవలెను. ఆపైన ఉగ్రస్తంభము కలదు. అది అన్నింటికంటె కఠినము. చేతులు కూడ ఆనించి ఎక్కవలసిన చోట్లు అచ్చట కలవు. పావన నారసింహ స్థానము వేరొక దిక్కున అడవి లోపల చాల దూరమున నున్నది.

ఇన్ని దారులున్నను అహోబిలమున కష్టపడువారు లేకపోలేదు. తొమ్మిది స్థానములను ఒక్కనాడే చూచితీరవలెనను పంతమే దానికి కారణము. యాత్రకు వచ్చిన ముప్పది మందియు ఒకే దారిన పోనక్కరలేదు. పెద్దలు దిగువ స్థానములను నిదానముగా చూచి, ఎగువ ఆలయమును చేరి, వాగు గట్టున చల్లగా కూర్చుండవచ్చును. మధ్యమ శక్తి గలవారు మాలోలుని చూచి రావచ్చును. దృఢకాయులు జ్వాలాస్థానము వరకు పోయి రావచ్చును. ముందుగా నిర్ణయించుకొన్న వేళకు అందరును ఎగువ ఆలయము వద్ద కలిసికొని, కలిసి భుజించి, కలిసి తిరిగి రావచ్చును. ఇట్లు చేసినచో ప్రతివానికిని చెప్పుకొనుటకు ఒక కథ ఉండును; మూటల వద్ద ఎవరును మిగులరు.

ఎక్కుడు ఏమాత్రమును కూడనివారికి దారి లేదా? ఉన్నది. జమ్మలమడుగు సమీపమున గండికోట కలదు. అచ్చట పెన్నానది ఎర్రమల కొండలను నిలువున కోసికొని పారుచున్నది. కోట లోపల మాధవరాయ ఆలయము, రంగనాథాలయము, జామియా మసీదు, పెద్ద ధాన్యాగారము చూచుచు, ఎక్కుడు అంతగా లేని నేలపై నడచి నదీలోయ అంచునకు చేరవచ్చును. కొండ ఎక్కనక్కరలేకయే కొండ ఎత్తునుండి చూచిన భాగ్యము అచ్చట కలుగును. అయితే తుదిభాగమున ఎగుడుదిగుడు బండలు కలవు. అంచు వద్ద పిల్లల చేయి విడువరాదు. నీడ తక్కువ కనుక ఉదయము గాని, సాయంకాలము గాని పోవలెను.

మదనపల్లె సమీపమున హార్సిలీ కొండ కలదు. దాని పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. పందొమ్మిదవ శతాబ్దిలో కడప కలెక్టరు డబ్ల్యు. డి. హార్సిలీ అచ్చట వేసవి విడిది ఏర్పరచుకొనుటచే ఈ పేరు కలిగినది. ఎత్తు సముద్రమట్టమునకు 4,000 అడుగులకు పైమాట. శిఖరము వరకు మోటారు రోడ్డు కలదు. పైన చెట్ల నీడను మెల్లగా తిరుగవచ్చును. ప్రతి వేయి మీటర్ల ఎత్తునకు గాలి వేడి సుమారు 6 డిగ్రీలు తగ్గును. కావుననే క్రింద మైదానము మాడుచున్నప్పుడును పైన సుఖముగా నుండును. గుండె జబ్బు గలవారు, గర్భిణులు, ఆపరేషను చేయించుకొని కోలుకొనుచున్నవారు వైద్యుని అనుమతితో ఇట్టిచోట నాలుగడుగులు వేయవచ్చును. అదియును కొండనడకయే.

ఈ రెంటికిని నడుమ నిలుచునది తలకోన. శేషాచలపు అడవిలో, శ్రీ వేంకటేశ్వర జాతీయ వనమునకు చేరిన ఈ చోట 270 అడుగుల ఎత్తునుండి జలపాతము దూకుచున్నది. సిద్ధేశ్వరస్వామి ఆలయము నుండి జలపాతము వరకు అడవి నడక. ఎండ సోకని చల్లని త్రోవ. చెట్టునుండి చెట్టునకు ప్రాకిన మహాకాయములైన గిల్లతీగెలు కనుల పండువు చేయును. బడిపిల్లలను తొలిసారి అడవికి తీసికొనిపోవు ఉపాధ్యాయులకు ఇంతకంటె అనుకూలమైన చోటు దొరకుట కష్టము.

దారుల సుఖమును చెప్పి వాటి ప్రమాదమును దాచుట న్యాయము కాదు. దారులు స్థిరములు కావు. 2021 నవంబరులో కురిసిన కుంభవృష్టికి శ్రీవారిమెట్టు దారి దెబ్బతిని మూతబడి, 2022 మే నెలలో గాని తిరిగి తెరువబడలేదు. నిన్నటి వార్తను నమ్మి నేడు బయలుదేరువారు నిరాశపడవచ్చును. 2023 ఆగస్టులో అలిపిరి దారిన తలిదండ్రులతో నడచుచున్న ఆరేండ్ల బాలికను చిరుత చంపినది. ఆ దుర్ఘటన తరువాత దేవస్థానమువారు మధ్యాహ్నము 2 గంటలు దాటిన పిమ్మట పిల్లలను ఆ దారిన పోనీయకుండ నిబంధన విధించిరి. పెద్దలను గుంపులుగా నడువుమని చెప్పి, చేతికర్రలు పంచిరి. ఇట్టి నిబంధనలు కాలమును బట్టి మారుచుండును కనుక బయలుదేరుటకు ముందు అడిగి తెలిసికొనవలెను. మారని నియమము ఒక్కటి కలదు. పిల్లలు పెద్దల నడుమ నడువవలెను. ముందునకు పరుగెత్తరాదు, వెనుకబడరాదు, ప్రొద్దు వాలిన తరువాత అడవిదారిన ఉండరాదు. అడవి మృగములదియును, వాటి వేళలో మనుష్యులు తొలగియుండుటయే ఉచితము.

జలపాతముల వద్ద పాచి పట్టిన రాళ్ళు గాజువలె జారును. మడుగు అడుగున గుంట ఎంతయుండునో పైనుండి తెలియదు. ఈత వచ్చినవారును తెలియని నీటిలో దూకరాదు. వేసవిలో రాయలసీమ ఎండ 40 డిగ్రీలు దాటుట సాధారణము. నడచువాని మాట తడబడినను, ఒడలు కాలుచు మనస్సు తికమకపడినను, అది వట్టి అలసట కాదు, వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, తడిబట్ట చుట్టి, విసరి, వైద్యుని వద్దకు చేర్చవలెను. శేషాచలపు అడవి ఎర్రచందనమునకు పుట్టిల్లు. దాని దొంగరవాణాను అరికట్టుటకు కాపలా గట్టిగా నుండును. అనుమతి లేని త్రోవలలో ప్రవేశించుట చట్టవిరుద్ధము, చిక్కులకును కారణమగును. తెరచిన దారులే కావలసినన్ని ఉండగా మూసిన దారులపై ఆశ ఏల?

ఇంత సమాచారము ఎవరు సేకరింతురు, ఎవరు భద్రపరతురు అను ప్రశ్న ఇక్కడ పుట్టును. తెలుగువారికి ఇది క్రొత్త విద్య కాదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో పరివారముతో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి చేరిరి. తిరుపతి, అహోబిలము, శ్రీశైలము ఆయన పోయిన దారిలోనివే. మజిలీ నుండి మజిలీకి దూరమెంత, బాట ఎట్టిది, నీళ్ళు దొరకునా, అంగళ్ళు కలవా, దిగుటకు వసతి కలదా అని ఆయన వ్రాసి పెట్టిరి. ఆ వ్రాతయే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయినది. పల్లకిలో పోయినను, తన వెనుక వచ్చువారి కాళ్ళను తలచి వ్రాసిన గ్రంథమది.

దారిని వ్రాసి పెట్టుటతో పాటు దారిలోనే గుర్తులు పెట్టుట వేరొక మెట్టు. దీనిని స్విట్జర్లండు దేశము చేసి చూపినది. అచ్చట కొండరోడ్లపై మోటారు బండ్లు పెరిగి, కాలినడకవారికి చోటు తగ్గుచున్న కాలమున, యోహన్ యాకోబ్ ఎస్ అను బడిపంతులు పూనుకొనగా 1934లో కాలిదారుల సంఘము ఏర్పడినది. నేడు ఆ చిన్న దేశమున 65,000 కిలోమీటర్లకు పైగా కాలిదారులకు గుర్తులు కలవు. పసుపు గుర్తున్న దారిన సాధారణముగా ఎవరైనను పోవచ్చును. తెలుపు, ఎరుపు, తెలుపు చారలున్న కొండదారికి స్థిరమైన అడుగు, మంచి పాదరక్షలు కావలెను. తెలుపు, నీలము, తెలుపు చారలున్న దారి కొండలెక్కుటలో అనుభవము గలవారికే తగును. రంగు చూచినంతనే తన దారి ఏదో నడచువానికి తెలిసిపోవును. ఎవరిని అడిగి సిగ్గుపడనక్కరలేదు. 1979లో ఆ దేశపు ప్రజలు ఓటు వేసి కాలిదారుల రక్షణను రాజ్యాంగములోనే చేర్చుకొనిరి. ఒక బడిపంతులు పూనిక నలుబదియైదేండ్లలో రాజ్యాంగము వరకు ఎదిగినది.

రాజ్యాంగము వరకు పోనక్కరలేకయే గ్రామ గ్రంథాలయము చేయదగిన పని ఒకటి కలదు. గ్రంథాలయోద్యమ కాలమున కార్యకర్తలు పుస్తకములు మోసికొని ఊరూర యాత్రలు సాగించిరి. నడకకును పుస్తకమునకును అప్పుడే స్నేహము కుదిరినది. ఇప్పుడు యాత్ర చేసి వచ్చినవారు తాము నడచిన దారిని పుస్తకములోనికి తెచ్చి పెట్టవలెను. చదువుగది బల్లపై ఒక లావుపాటి నోటుపుస్తకము ఉంచి, దానికి దారుల పుస్తకమని పేరు పెట్టవచ్చును. ఒక్కొక్క దారికి ఒక్కొక్క పుట కేటాయించి, పైన చెప్పిన ఐదు ప్రశ్నలకును సమాధానములు వ్రాయవలెను. నడచిన తేదీ తప్పక వేయవలెను. ఏలయన తేదీ లేని సమాచారము శ్రీవారిమెట్టు విషయమున వలె మోసపుచ్చగలదు. అచ్చట అడుగవలసిన అటవీశాఖ కార్యాలయము గాని, దేవస్థానపు కార్యాలయము గాని ఏదో వ్రాయవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన నియమము ఒకటి కలదు. నడక కాలమును గుంపులో అందరికంటె ముందు చేరినవాని గడియారము చూచి కాక, కడపట చేరినవాని గడియారము చూచి వ్రాయవలెను. ముందు చేరినవాడు గంటలో ఎక్కితిమని వ్రాసినచో అది అతని గొప్పకు పనికివచ్చును గాని, తరువాత పోవు అవ్వకు పనికిరాదు. అవ్వ మూడు గంటలలో ఎక్కెను, నాలుగు చోట్ల కూర్చుండెను, రెండు చోట్ల నీరు దొరకెను అని వ్రాసినచో ఊరిలోని పది మంది అవ్వలకు ధైర్యము వచ్చును. చదువురాని పెద్దలు చెప్పగా పిల్లలు వ్రాయవచ్చును. ఎక్కలేక మరలి వచ్చినవారును ఎక్కడ ఆగితిరో, ఏల ఆగితిరో వ్రాయవలెను. ఆ పుటను చదివి జాగ్రత్తపడువారు ఎందరో ఉందురు.

తదుపరి యాత్రకు బస్సు మాటలాడుటకు ముందు యువకులు ఆ పుస్తకమును తెరచి, వచ్చువారి పేర్ల జాబితాను ప్రక్కన పెట్టుకొని, ఎవరికి ఏ దారి అని పేరు పేరున వ్రాసికొనవలెను. ఒక్క పేరునకైనను దారి దొరకనిచో యాత్రాస్థలమునే మార్చవలెను. రాయలసీమ కొండలలో మార్చుకొనుటకు చోట్లకు కొదువ లేదు.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు చదువరిని బట్టి పుస్తకము నందించినది. ఇకమీదట నడచువానిని బట్టి దారిని కూడ అందించుగాక. మొదటి పుటకు అలిపిరి, రెండవ పుటకు శ్రీవారిమెట్టు, మూడవ పుటకు అహోబిలము సిద్ధముగా ఉన్నవి. నాల్గవ పుటను ఈ సభలోనివారే నింపవలెను. తమ పొలిమేరలోని గుట్టనైనను సరే, నడచి, చూచి, తేదీ వేసి వ్రాయవలెను.